తొంభై ఆరు మార్కులు

"మోకాళ్లు వొంచాలె తాతా. నడుం గాదు, మోకాళ్లు," అంటున్నది వెనకనుంచి విద్య.

గొంతు చెవి పక్కనే వినిపిస్తున్నా, రాచయ్యకు ఆమె కనిపించదు. కళ్లకు బిగించిన నల్ల డబ్బాలో కోతకొచ్చిన జొన్నచేను కనిపిస్తున్నది. ఎండ కాస్తున్నది గాని వేడి లేదు. కాళ్ల దగ్గర కట్టలు పడి ఉన్నాయి. ఒక్కో కట్టను వంగి ఎత్తి, పక్కన నిలబడిన ఎడ్లబండిలో వేయాలి. వేసినప్పుడల్లా టింగుమని గంట మోగి ఓ మార్కు పడుతుంది. ఐదు నిమిషాల ఆట.

రాచయ్య మోకాళ్లు వంచలేదు. చేతిలో పట్టుకోవలసిన రిమోటును మెల్లగా వదిలాడు. అది మణికట్టుకున్న పట్టీకి వేలాడింది. భుజం కాస్త దించితే చాలు, రిమోటు ఊగుతూ మోకాలి దాకా పోతుంది. మెషిన్‌కు అది చెయ్యి కిందకు దిగినట్టే. కట్ట లేచింది. భుజం ఎగరేశాడు. టింగు.

ఇక్కడికి రావడం మొదలుపెట్టిన మూడో వారంలో ఒకరోజు చెమటకు రిమోటు చేతిలోంచి జారి, దానంతటదే మార్కు పడింది. అప్పటినుంచి ఆయనకు ఇది అలవాటైంది. ఎవరి కంటా పడలేదు. నౌబాద్‌లోని ముసలివాళ్లకు కసరత్తులు చేయించే ఆ ట్రస్టు హాల్లో గోడకు పెద్ద టీవీ ఉంది. డబ్బా పెట్టుకున్నవాళ్లకు కనిపించే చేను అందులో కూడా కనిపిస్తుంది. బెంచీల మీద కూర్చున్న ముసలివాళ్లంతా టీవీనే చూస్తారు, ఆడే మనిషిని చూడరు. పడిపోకుండా నడుముకు కట్టిన బెల్టు పట్టుకుని విద్య వెనక నిలబడుతుంది. ముందువైపు చేతులు ఆమెకు కనిపించవు.

బూర మోగి ఆట ఆగింది. చప్పట్లు వినిపించాయి.

"తొంభై ఆరు!" అన్నాడు శ్రీశైల్. ఆ కేంద్రం నడిపేది అతనే, నలభై ఏళ్లవాడు, ఎప్పుడూ చేతిలో ఫోనుంటుంది. "రాచయ్య మామా, డెబ్బై ఒక్క ఏండ్లంటె ఎవలన్న నమ్ముతరా? గంజ్‌ల బస్తాలు మోసిన పానం గద!"

రాచయ్య డబ్బా తీసి నవ్వాడు. కిందటేడు స్నానాల గదిలో జారిపడ్డ తర్వాత జనం ఆయనను చూసి అయ్యో అనడమే గాని శభాష్ అనడం లేదు. విద్య బెల్టు విప్పుతూ ఆయన తొడలకేసి ఒకసారి చూసింది. తర్వాత గోడ పక్కనున్న చేతుల్లేని కుర్చీలో కూర్చోబెట్టింది.

"చేతులు ఛాతి మీద వెట్టుకో తాతా. లేసి నిలవడు. మల్ల కూసో. అర నిమిషం."

ఇది మార్కుల్లోకి రాదు. ప్రతి సోమవారం ఆమె ఒక్కతే చేయించి ఏదో నోటుబుక్కులో రాసుకుంటుంది. రాచయ్య లేచాడు, కూర్చున్నాడు. నాలుగోసారికి తొడలు వణికాయి. ఐదోసారి లేవలేక కుర్చీ అంచు పట్టుకున్నాడు. విద్య గడియారం ఆపి రాసుకుంది.

తర్వాతి వంతు ఎంకమ్మది. గాంధీ గంజ్ ధాన్యం మార్కెట్లో నేలమీద కూర్చుని కందులు జల్లెడ పట్టే మనిషి, అరవై ఏడేళ్లు ఉంటాయి. చీరకొంగు నడుముకు బిగించి డబ్బా పెట్టించుకుంది. ఆమె ప్రతి కట్టకూ పూర్తిగా కిందకు కూర్చుంటున్నది. ఒక చెయ్యి పక్కనున్న ఇనుప కడ్డీ మీద ఆనించి, పళ్లు బిగించి లేస్తున్నది. మధ్యలో కడ్డీ కూడా వదిలేసింది. నిలబడి ఊపిరి పీల్చుకునేలోపు చేనులో రెండు కట్టలు మాయమైపోతున్నాయి. బూర మోగేసరికి టీవీ మీద ముప్పై ఒకటి.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

ఆ మధ్యాహ్నమే శ్రీశైల్ గోడకు ఒక కాగితం అతికించాడు. ఎంకమ్మ చదువుకోలేదు. రాచయ్య పక్కకు వచ్చి నిలబడింది.

"నా పేరు ఏడున్నది రాచన్నా?"

పధ్నాలుగు పేర్లు. పైన రాచయ్యది. ఏడో పేరు కింద ఎర్రగీత. ఎంకమ్మ పేరు పదకొండోది. గీత కింద కన్నడంలో రాసింది రాచయ్య కూడబలుక్కుని చదివాడు. కింది ఏడుగురికి ఈ రోజుతో ఆఖరు. వాళ్ల జాగాలో కొత్తవాళ్లు వస్తారు.

"కిందున్నది," అన్నాడు.

"కిందుంటె ఏందంట?"

"ఇగ రావద్దంట."

ఎంకమ్మ ఆ కాగితాన్నే చూస్తూ నిలబడింది. తర్వాత శ్రీశైల్ దగ్గరకు నడిచింది. "సారూ, ఇంకొక నెల రానియ్యరాదు? నాకు మంచిగైతాంది," అన్నది.

శ్రీశైల్ కసురుకోలేదు. "అమ్మా, డబ్బాలు రెండే ఉన్నయ్. బైటినుంచి యాభై మంది అడుగుతున్రు. మెషిన్ జెప్పిందే నేను రాస్త. మార్కులు పెరగనోళ్లకు ఇంకో నెల ఇస్తె పైవాళ్లు నన్ను అడుగుతరు," అన్నాడు. "ఇంట్ల జేస్కో. గవే కసరత్తులు."

"ఇంట్ల భయమైతది సారూ. ఆ డబ్బాల చేను గనవడితె భయం యాదికి రాదు. వెనక ఈ బిడ్డ పట్టుకుంటది."

శ్రీశైల్ ఫోను మోగింది. అతను మాట్లాడుతూ బయటికి పోయాడు.

బెంచీ మీద చెప్పులు వేసుకుంటూ ఎంకమ్మ రాచయ్యతో చెప్పింది. రెండు నెలల కింద గంజ్‌లో లారీ వెనక్కు వస్తున్నది. అందరూ లేచారు. ఆమె లేవలేకపోయింది. హమాలీ యెహోషువ రెక్క పట్టి గుంజకపోతే చక్రం కిందే ఉండేది. "సేటు జెప్పిండు, లెవ్వరానోళ్లు షెడ్డుల కూసోవద్దని. గందుకె ఈడికొచ్చిన. మొన్న రెండుసార్లు నా అంతట నేనే లేసిన రాచన్నా. ఇంకింత జల్దీ లేస్తె సాలు."

రాచయ్య చేతికర్ర పట్టుకుని లేవబోయాడు. ఆమే ఆయన మోచెయ్యి పట్టుకుని లేపింది.

*

మరునాడు తెల్లవారి చలిగా ఉంది. కొడుకు సిద్దు కార్ఖానాలో మొదటి షిఫ్టుకు అప్పటికే బండి మీద వెళ్లిపోయాడు. పెరట్లో పాయిఖానా తలుపు ముందు సంగమ్మ నిలబడి ఉంది.

"అయ్యిందా?" అని అడిగింది.

"ఆఁ," అన్నాడు లోపలినుంచి రాచయ్య.

ఆమె తలుపు తోసి లోపలికి వచ్చింది. అది నేలమీద కూర్చునే పాయిఖానా. ఒకరికే చోటు. ఆమె ఒక కాలు లోపల, ఒక కాలు గడప మీద పెట్టి, వంగి, తన కుడి భుజాన్ని భర్త చంక కిందకు తోసింది. రెండు చేతులూ ఆయన వీపు చుట్టూ వేసి వేళ్లు కలిపింది. రాచయ్య గోడకున్న నల్లా గొట్టం పట్టుకున్నాడు.

"ఊఁ," అన్నది ఆమె.

ఆయన శరీరం సగం దాకా లేచి ఆగింది. ప్రతిరోజూ అక్కడే ఆగుతుంది. సంగమ్మ మొహం ఆయన మెడకు ఆనుకుని ఉంది. ఆమె పళ్ల మధ్యనుంచి గాలి వస్తున్న చప్పుడు ఆయనకు వినిపిస్తున్నది. మళ్లీ "ఊఁ" అన్నది. గడప మీది కాలు జారింది. ఇద్దరూ గోడకు కొట్టుకున్నారు. నల్లా గొట్టం కిర్రుమన్నది. ఎట్లాగో నిలబడ్డారు.

"తాకిందా?" అని అడిగాడు రాచయ్య.

"లేదు," అన్నది. బయటికి వచ్చాక, ఆయన చూడకుండా మొహం తిప్పుకుని, కుడి భుజాన్ని ఎడమచేత్తో పట్టుకుని రెండుసార్లు తిప్పింది. ఆమెకు అరవై ఆరు. ఆ భుజం పైకి లేవక, తల దువ్వుకోవడానికి కొన్నాళ్లుగా ఎడమచేయి వాడుతున్నది.

పొయ్యి దగ్గర కూర్చుని రాచయ్య చాయ్ తాగుతుంటే ఆమె ఆయన తెల్ల అంగీని నీలిమందు నీళ్లలో ముంచి పిండుతున్నది. పిండటానికి కుడిచేయి సరిగా తిరగడం లేదు.

"ఐతారం పిండితె గాదా?" అన్నాడు.

"శుక్రారమే గద ట్రస్టు పెద్దోళ్లొచ్చేది. శ్రీశైల్ సారు సిద్దుకు ఫోన్ జేసిండు. నీతోని ఆడిపిస్తరంట, అందరి ముంగట. సిద్దుకు ఖుషీ అయ్యింది. కార్ఖానాల అందరికి జెప్పిండంట, మా బాపు నంబర్ వన్ అని."

"నువ్వు రావా?"

"పని ఉన్నది," అన్నది సంగమ్మ. అంగీని దులిపి తీగ మీద వేసింది. ఒక చేత్తోనే వేసింది.

రాచయ్య చాయ్ గ్లాసు కింద పెట్టాడు. ఏదో చెప్పాలనుకున్నాడు. నోట్లోంచి వచ్చింది మాత్రం, "చక్కెర తక్కువైంది," అనే.

*

బుధవారం ఎంకమ్మ వంతులో చంద్రప్ప అనే కొత్తాయన వచ్చాడు. రైల్వేలో పనిచేసి రిటైరైన మనిషి, గట్టిగా ఉన్నాడు. తన స్కూటర్ మీద తానే వచ్చాడు. మొదటిరోజే నలభై నాలుగు తెచ్చుకున్నాడు. శ్రీశైల్ సంతోషించాడు.

"ఈయనకేం తక్లీఫున్నది?" అని రాచయ్య విద్యను మెల్లగా అడిగాడు.

"ఏం లేదు తాతా," అన్నది విద్య. బెల్టు బిగిస్తున్న చేతులు ఆగాయి. "తాతా, ఒక మాట అడుగుత. నువ్వు కట్ట లేపేటప్పుడు ఈ బెల్టు నా చేతులల్ల కిందికి పోతలేదు. మనిషి వొంగితె బెల్టు పోతది గద?"

రాచయ్య రిమోటు పట్టీని మణికట్టుకు సర్దుకున్నాడు. అప్పుడే శ్రీశైల్ వచ్చి, శుక్రవారానికి ఎక్కడ నిలబడాలో, డబ్బా తీసినాక ఎటు తిరిగి దండం పెట్టాలో చూపించాడు. విద్య మళ్లీ ఆ మాట ఎత్తలేదు. ఆ రోజు ఆయనకు తొంభై ఎనిమిది వచ్చాయి.

గురువారం పొద్దున రాచయ్య ఆటో ఎక్కి గాంధీ గంజ్‌కు పోయాడు. జారిపడ్డ తర్వాత అటు పోవడం అదే మొదలు. కొత్త కందులు దిగే రోజులు. గేటు దాకా లారీలు నిలిచిపోయి ఉన్నాయి. తూకం కాంటా దగ్గర హమాలీలు వరసగా, తలమీద గోనెసంచి ముసుగేసుకుని, వీపు మీదికి బస్తా తీసుకుంటున్నారు. బస్తా వీపు మీద పడగానే మోకాళ్లు కొంచెం వంగి, వెంటనే నిటారుగా లేచి, చిన్న చిన్న అడుగులతో కదిలిపోతున్నాయి. రాచయ్య వాళ్ల మోకాళ్లనే చూస్తూ నిలబడ్డాడు.

"రాచన్న వచ్చిండు!" అని యెహోషువ బస్తా దించి వచ్చాడు. యాభై ఏళ్లవాడు, ఒకప్పుడు రాచయ్య ముఠాలో పనిచేశాడు. "సిద్దు జెప్పిండన్నా. నంబర్ వన్ అంట గద! మల్ల బస్తా లేపుతవా?"

పక్కనున్నవాళ్లు నవ్వారు. రాచయ్య కూడా నవ్వవలసి వచ్చింది.

"ఎంకమ్మ ఏడున్నది?"

యెహోషువ నవ్వు ఆపి, షెడ్డు బయట ప్రహరీ గోడ వైపు చూపించాడు. "సేటు లోపల కూసోనిస్తలేడు. గాడ మట్టిల కలిసినయి ఏరుకుంటాంది."

గోడ నీడలో ఎంకమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని ఉంది. లారీల కింద రాలిన కందులు ఊడ్చి తెచ్చిన కుప్ప ఆమె ముందర ఉంది. జల్లెడను అటూ ఇటూ ఊపుతున్నది. దుమ్ము గోడ మీదికి లేస్తున్నది. మంచి గింజ తక్కువ, రాళ్లే ఎక్కువ. రాచయ్యను చూసి జల్లెడ పక్కన పెట్టింది. కూర్చోమంటే ఆయన మళ్లీ లేవలేడని గుర్తొచ్చి, తానే లేవబోయింది. రెండు అరచేతులూ నేలకు ఆనించింది. ఒక మోకాలు మీదికి వచ్చింది. ఒక పాదం నిలబెట్టింది. కాసేపు ఆగింది. మెడనరాలు ఉబ్బాయి. లేచి నిలబడింది. ఎవరూ సాయం పట్టలేదు.

"జూసినవా," అన్నది రొప్పుతూ. "గంతే. ఇంకింత జల్దీ గావాలె."

"ఇంట్ల జేస్తున్నవా?"

"నిన్న జేసిన. పడ్డ." చీరకు అంటిన దుమ్ము దులుపుకున్నది. మోచేతి దగ్గర చర్మం చీరుకుపోయి ఉంది. "మా కోడలు వద్దన్నది. పడి కాలు ఇరిగితె ఎవలు జూస్తరు అని. ఆమె అన్నదాంట్ల తప్పు లేదు."

రాచయ్య చేతికర్రను రెండు చేతులతో పట్టుకున్నాడు. "ఎంకమ్మా, నా మార్కులు..." అని ఆగాడు.

"నీకు మంచిగైంది గద రాచన్నా. గదే సాలు," అన్నది ఎంకమ్మ. "సంగమ్మకు బరువు తగ్గింది. ఆడమనిషి ఎన్నొద్దులని లేపుతది?"

లోపలినుంచి లారీ హారన్ కొట్టింది. ఎంకమ్మ గబుక్కున గోడకు ఆనుకుంది. లారీ ఇటు రాలేదు. ఆమె మళ్లీ నేలమీదికి దిగి జల్లెడ అందుకుంది.

రాచయ్య గేటు దాకా వచ్చి ఆటో కోసం చాలాసేపు నిలబడ్డాడు. రెండు ఆటోలు ఆగి, ఆయన ఎక్కకపోయేసరికి వెళ్లిపోయాయి.

*

శుక్రవారం హాల్లో కుర్చీలు వరసగా వేశారు. బెంగళూరు నుంచి నలుగురు వచ్చారు. వాళ్లలో నెరిసిన జుట్టుతో ఒక పెద్ద డాక్టరమ్మ ఉన్నది. శ్రీశైల్ కన్నడంలో మాట్లాడాడు. ఆరు వారాల్లో ముసలివాళ్ల బలం ఎంత పెరిగిందో టీవీ మీద గీతలు చూపించాడు. అన్ని గీతలూ పైకే పోతున్నాయి. అన్నిటికన్నా ఎత్తున్న గీత రాచయ్యది. మొదటి వరసలో సిద్దు కూర్చుని ఉన్నాడు. సగం రోజు సెలవు పెట్టి వచ్చాడు.

"మన రాచయ్యగారు," అన్నాడు శ్రీశైల్. "గాంధీ గంజ్‌లో నలభై ఏళ్లు హమాలీ."

విద్య బెల్టు బిగించింది. డబ్బా పెట్టింది. చేను కనిపించింది. గంట మోగింది.

రాచయ్య రిమోటును గట్టిగా పట్టుకున్నాడు. వదల్లేదు. మోకాళ్లు వంచాడు. తొడలు వెంటనే మండాయి. ఇంకా వంచాడు. చెయ్యి కట్టను తాకింది. కడ్డీ పట్టుకుని, ఊపిరి బిగబట్టి, లేచాడు. టింగు. వెనక విద్య పట్టుకున్న బెల్టు కిందకు పోయి పైకి వచ్చింది. ఆమె చేతులు బిగుసుకోవడం ఆయనకు నడుము దగ్గర తెలిసింది.

రెండో కట్ట. టింగు. మూడో కట్టకు కిందకు పోయాడు. లేవలేకపోయాడు. కడ్డీకి వేలాడాడు. డబ్బాలో కట్టలు ఒకటి తర్వాత ఒకటి మాయమైపోతున్నాయి.

"మామా, ఏమైంది?" శ్రీశైల్ గొంతు దగ్గరగా వచ్చింది. "రోజు జేసినట్లు జెయ్యి."

విద్య చంక కింద చెయ్యి వేసి లేపింది. రాచయ్య ఒక చేత్తో డబ్బా పైకి తోశాడు. వెలుతురుకు కళ్లు చికిలించాడు.

"రోజు జేసేది దొంగపని సారూ," అన్నాడు.

హాల్లో ఎవరికీ అర్థం కాలేదు. రాచయ్య డబ్బాను మళ్లీ కళ్లమీదికి దించుకున్నాడు. ఈసారి నిటారుగా నిలబడి, అందరికీ కనిపించేటట్టు చెయ్యి పక్కకు చాపి, రిమోటును వదిలాడు. అది పట్టీకి వేలాడింది. భుజం దించాడు, ఎగరేశాడు. టింగు. దించాడు, ఎగరేశాడు. టింగు, టింగు, టింగు. మోకాళ్లు కదల్లేదు. టీవీ మీద అంకె పెరుగుతూనే ఉంది. మొదటిసారి అందరూ టీవీని వదిలి మనిషిని చూస్తున్నారు.

బూర మోగకముందే ఆయన ఆపేశాడు. డబ్బా తీసి విద్య చేతిలో పెట్టాడు. "నా కాళ్లు అప్పుడెట్లున్నయో ఇప్పుడు గట్లనే ఉన్నయి. ఎంకమ్మ నిజంగ కూసుండి లేసేది. ఆమెను తీసేసిన్రు. నేను జూస్కుంట ఊకున్న."

సిద్దు తల దించుకున్నాడు. శ్రీశైల్ మొహం ఎర్రబడింది. "ముసలాయనకు ఈ రోజు పానం బాగ లేనట్లున్నది," అని కన్నడంలో అనబోయాడు. పెద్ద డాక్టరమ్మ చెయ్యి అడ్డంగా ఎత్తింది. విద్యవైపు తిరిగి, ఈ మెషిన్ మార్కులు కాకుండా వేరే కొలత ఏదైనా ఉన్నదా అని అడిగింది.

విద్య శ్రీశైల్‌ను చూసింది. తర్వాత బల్ల సొరుగులోంచి నోటుబుక్కు తీసింది. "అర నిమిషంలో కుర్చీలోంచి ఎన్నిసార్లు లేస్తారో ప్రతి సోమవారం రాసిన మేడం," అన్నది. "రిపోర్టులో అడగలేదని పెట్టలేదు."

ఆమె చదివింది. ఒక్కొక్కరికి రెండేసి అంకెలు. మొదటి వారం, ఆరో వారం. గీతకు పైనున్న ఏడుగురిలో ముగ్గురికి ఏమీ పెరగలేదు. రాచయ్య నాలుగు, నాలుగు. ఎంకమ్మ మూడు, తొమ్మిది. అంతగా పెరిగినవాళ్లు ఆ పధ్నాలుగు మందిలో ఇంకెవరూ లేరు.

డాక్టరమ్మ నోటుబుక్కు తీసుకుని మొదటినుంచి పేజీలు తిప్పింది. శ్రీశైల్ కుర్చీలో కూర్చుని రెండు చేతులతో మొహం తుడుచుకున్నాడు. "మెషిన్ అబద్ధం జెప్పదనుకున్న," అన్నాడు తెలుగులో, ఎవరితోనో కాదు, తనలో తానే.

సిద్దు ఆయనను బండి మీద ఇంటికి తీసుకుపోయాడు. ఇంటి ముందు దించి, "కార్ఖానాల ఏం జెప్పాలె బాపూ?" అని మాత్రం అన్నాడు. జవాబు కోసం ఆగకుండా వెళ్లిపోయాడు.

*

శనివారం సాయంత్రం విద్య వచ్చింది. సంగమ్మ ఇచ్చిన చాయ్ చేతిలో పట్టుకుని, తాగకుండా చెప్పింది. పట్టిక మళ్లీ రాశారు. కుర్చీ లెక్కతో రాశారు. ఎంకమ్మకు ఇంకో రెండు నెలలు ఇచ్చారు. యెహోషువ ఫోనుకు చేసి చెబితే, ఎంకమ్మ ముందు నమ్మలేదు, మళ్లీ చెప్పించుకుంది. శ్రీశైల్ సారే గంజ్‌కు పోయి సేటుతో మాట్లాడతానన్నాడు.

"నువ్వు..." అని ఆగింది విద్య.

"నా పేరు పోయింది," అన్నాడు రాచయ్య.

"నాలుగుకు నాలుగే గద తాతా. నేను అడిగిన. పెరగనోళ్లకు మల్ల జాగ లేదన్నరు. ఆర్నెల్లకు కొత్త బ్యాచ్ తీస్తరంట, అప్పుడు నీ పేరు నేను ముందు రాస్త." ఆమె లేచి, ఇంట్లో ఉన్న ఒక్క చెక్కకుర్చీని తీసుకుపోయి వెనకకాళ్లు గోడకు ఆనేటట్టు పెట్టింది. "గప్పటిదాంక ఇది. పొద్దుగాల, మాపటికి. చేతులు ఛాతి మీద. ఒక్కనివి మాత్రం జెయ్యకు. అమ్మమ్మ పక్కన నిలవడాలె."

ఆమె పోయిన తర్వాత సంగమ్మ చాయ్ గ్లాసులు కడిగి బోర్లించింది. రాచయ్య మంచం పట్టె మీద కూర్చుని ఉన్నాడు.

"సంగమ్మా. ఆ మార్కులన్ని నకిలీయే. ఒక్క దినం గూడ నేను కిందికి వొంగలే. నీకు జెప్పలే."

సంగమ్మ కొంగుతో చేతులు తుడుచుకున్నది. "నాకెర్కనే," అన్నది.

"సిద్దు జెప్పిండా?"

"సిద్దు జెప్పేదేంది? రోజు పొద్దుగాల లేపేది ఎవలు?" ఆమె గొంతులో కోపం లేదు. "మొదటి దినం నువ్వు ఎంత బరువున్నవో, తొంభై ఆరొచ్చిన దినం గూడ గంతే ఉన్నవ్. కాలు బలమైతె నా భుజానికి ఎర్కగాదా?"

రాచయ్య ఆమెను చూశాడు. "మరి ఎందుకు అనలే?" అని అడిగాడు.

"ఏడాదికి నవ్వినవ్. గా నవ్వు మొఖం జూసి ఎట్లనాలె?" ఆమె కుడి భుజాన్ని పట్టుకున్నది. ఈసారి మొహం తిప్పుకోలేదు, ఆయన ముందే పట్టుకున్నది. "నాకు చాతనైతలేదు. ఇంకెన్నొద్దులు లేపుతనో నాకు ఎర్కలేదు. గదొక్కటి నేను గూడ నీకు జెప్పలే."

బయట ఎవరో బండి స్టార్టు చేసుకుని పోయారు. రాచయ్య మంచం పట్టె పట్టుకుని, చేతికర్ర ఆనించుకుని, రెండు అడుగులు వేసి కుర్చీ దగ్గరకు వచ్చాడు. కూర్చున్నాడు. చేతికర్రను గోడకు ఆనించాడు. చేతులు ఛాతి మీద కట్టుకున్నాడు. సంగమ్మ వచ్చి పక్కన నిలబడింది.

లేచాడు. "ఒకటి," అన్నది ఆమె.

కూర్చున్నాడు, లేచాడు. రెండు. మూడోసారి మెల్లగా లేచాడు. నాలుగోసారి నిలబడి, పైకప్పు వైపు చూస్తూ ఊపిరి తీసుకున్నాడు. మళ్లీ కూర్చున్నాడు. ఐదోసారి ముందుకు వంగాడు. కుర్చీ మీదనుంచి శరీరం లేచింది. సగం దాకా వచ్చి, ఆగింది. తొడలు గడగడ వణికాయి. సంగమ్మ రెండు చేతులూ వాటంతటవే ఆయన చంకల వైపు పోయాయి. తాకబోయి ఆగాయి. ఆమె వాటిని వెనక్కు తీసుకుని, వీపు వెనక ఒకదానితో ఒకటి గట్టిగా పట్టుకున్నది.

రాచయ్య అట్లాగే, లేవక, కూర్చోక, కొన్ని క్షణాలు ఉన్నాడు. తర్వాత దబ్బున కుర్చీలో పడ్డాడు. మొహం నిండా చెమట. ఆమె మొహంలోకి చూశాడు.

"నాలుగే," అన్నది సంగమ్మ.

ఆయన తల ఊపాడు. చెమట తుడుచుకుని, పాదాలను నేలమీద మళ్లీ సర్దుకున్నాడు.